మంచుకాలంలో మిల్లులో, షెడ్డులో, చెరువు గట్టున వెలుతురు: సమస్య - పరిష్కారం

కార్తీకం వచ్చేసరికి డెల్టాలో పని పెరుగుతుంది, పొద్దు తరుగుతుంది. సార్వా ధాన్యం మిల్లులకు చేరేది సరిగ్గా అప్పుడే. జూన్ చివర్లో రాజమండ్రిలో పొద్దు కుంకేది సాయంత్రం దాదాపు 6:40కి. నవంబరు చివరికల్లా 5:30 లోపే కుంకిపోతుంది. జనవరి మధ్యలో పొద్దున 6:35 అయితేగాని సూర్యుడు రాడు. వచ్చినా చెరువుల మీద, కాలువల పక్కన మంచు విడిచేసరికి ఒక్కోరోజు ఎనిమిది దాటుతుంది. హమాలీలు బస్తాలు మోసేదీ, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు చూసుకుంటూ గట్టు మీద నడిచేదీ, కోనసీమ కొబ్బరి పీచు షెడ్లలో మిషన్‌కి డొక్కలు అందించేదీ ఆ మసక వెలుతురులోనే.

వెలుతురు చాలటం లేదని ఎవరైనా అనగానే ఇంకా పెద్ద లైటు కొనేస్తారు. చాలాచోట్ల లోటు అది కాదు. ఉన్న లైటు ఎక్కడ పడుతోంది, దాని మీద ఎంత దుమ్ముంది, దానికి వోల్టేజి ఎంత అందుతోంది అన్నవి ముందు చూడాలి. అందుకని ఒకసారి సాయంత్రం ఆరింటికి, ఒకసారి తెల్లారగట్ల ఐదింటికి పని జరుగుతుండగానే మొత్తం చుట్టి రండి. ఫోన్‌లో వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్ కచ్చితంగా చెప్పదు గానీ, ఇక్కడికీ అక్కడికీ తేడా పట్టుకోవటానికి పనికొస్తుంది. నడిచే దారికి, మెట్లకు 50 నుంచి 100 లక్స్, బస్తాలు ఎత్తి దించే చోట 100 నుంచి 150, తిరిగే యంత్రాల దగ్గర 200, కాటా, సంచి కుట్టే మిషన్, బియ్యం శాంపిల్ చూసే బల్ల దగ్గర 300 నుంచి 500 ఉండేలా చూసుకోండి. కొలత పని జరిగే ఎత్తులో తీయాలి. మెట్ల దగ్గర అయితే మెట్టు మీదే ఫోన్ పెట్టి చూడాలి.

సందె వేళ గంటసేపు లైట్లు వెలగటం లేదు

టైమర్ మార్చలేదు, అంతే. ఎండాకాలంలో 6:45కి పెట్టింది అలాగే ఉండిపోతుంది. ఈలోగా గంటకు పైగా జనం అలవాటు మీద నడిచేస్తుంటారు. దసరా అయ్యాక టైమర్‌ని 5:00కి, పొద్దున ఆపేది 7:15కి మార్చండి. మంచు ఎక్కువ పట్టే చోట 8:00 దాకా ఉంచండి.

ఇంతకంటే వెలుతురుని పసిగట్టి లైటుని వెలిగించి ఆర్పే ఫోటోసెల్ మేలు. మంచు పట్టి మసకగా ఉంటే పగలైనా అదే వెలిగిస్తుంది. కాకపోతే బిగించే చోటు ముఖ్యం. దాని లైటు వెలుగు దాని మీదే పడితే తెల్లారిందనుకుని ఆర్పేస్తుంది, ఆరగానే చీకటనుకుని మళ్ళీ వెలిగిస్తుంది. రాత్రంతా ఈ ఆటే నడుస్తుంది, లైటుకి సరిపడా కరెంటు అందించే డ్రైవర్ త్వరగా పోతుంది. షెడ్డు బయట ఉత్తరం గోడకి, లైటుకి వెనక వైపున బిగించండి. కన్ను మీద దుమ్ము పట్టకుండా నెలకోసారి తుడవండి.

లైటు జిగేల్‌మంటోంది, కాలి కింద మాత్రం కనబడదు

మిల్లు గోడౌన్లలో పడిపోవటాలకు ఇదొక పెద్ద కారణం. గుమ్మం మీద 200 వాట్ల ఫ్లడ్ లైటు ఒకటి లోపలికి తిప్పి పెడతారు. హమాలీ లారీ మీంచి బస్తా ఎత్తుకుని లోపలికి వస్తుంటే లైటు అతని వీపు వెనక ఉంటుంది. మెడ మీద బస్తా, ఒంగిన నడుము, ఆ రెండిటి నీడా కలిసి అతను అడుగు వేయబోయే బల్ల చెక్క మీదే పడుతుంది. చెక్క అంచు, దాని మీద చిందిన ధాన్యం, రెండు చెక్కల మధ్య సందు, ఏదీ ఆనదు. ఖాళీ చేతులతో తిరిగొచ్చేటప్పుడు అదే లైటు సూటిగా కంట్లో కొడుతుంది. ఆ దెబ్బకి కళ్ళు మళ్ళీ నీడలకు అలవాటు పడేలోపు అతను చెక్క దిగేస్తాడు.

ఆ ఫ్లడ్ లైటు తీసేసి, వెలుగుని కొన్ని లైట్లకు విడగొట్టి పైనుంచి కిందికి వేయాలి. 20 మీటర్లు పొడవు, 12 మీటర్లు వెడల్పు ఉన్న గోడౌన్‌ లెక్క చూద్దాం. వైశాల్యం 240 చదరపు మీటర్లు. లైటు ఇచ్చే వెలుగుని ల్యూమెన్లలో కొలుస్తారు, చదరపు మీటరుకి ఒక ల్యూమెన్ పడితే ఒక లక్స్. 100 లక్స్ కావాలంటే నేల మీద 24,000 ల్యూమెన్లు పడాలి. లైటు ఇచ్చేదంతా నేలకు చేరదు. నల్లబడ్డ గోడలు, ఎత్తు కలిసి సగం తినేస్తాయి, మిగిలిన సగంలో మిల్లు దుమ్ము ఇంకో 30 శాతం తీసేస్తుంది. అంటే 24,000ని 0.35తో భాగించాలి, దాదాపు 68,600 ల్యూమెన్లు. ఎత్తు కప్పుకి వేలాడదీసే 100 వాట్ల హైబే లైటు ఒకటి 12,000 ల్యూమెన్లు ఇచ్చేదైతే ఆరు చాలు. మూడేసి చొప్పున రెండు వరసలు, ఆరు మీటర్ల ఎత్తులో, ఆరేడు మీటర్ల ఎడంతో. వరసలు బస్తాల నెట్టు మీద కాకుండా నెట్ల మధ్య నడిచే దారి మీద రావాలి. నెట్టు పైకప్పు దాకా పెరిగితే దాని మీదున్న లైటు ఎవరికీ ఉపయోగపడదు, పైగా సంచులకు వేడి తగులుతుంది.

బల్ల చెక్క దగ్గర మాత్రం రెండు పక్కలా ఎదురెదురుగా 20 వాట్ల లైటు ఒక్కొక్కటి ఉంచండి. ఒకదాని నీడని రెండోది చెరిపేస్తుంది. చెక్క అంచులకి రెండంగుళాల వెడల్పున పసుపు రంగు వేయండి. గోడలకు ఏటా సున్నం కొట్టించండి. సున్నం కొట్టిన గోడ వెలుగుని తిప్పి లోపలికే పంపుతుంది, ఖర్చు దృష్ట్యా దీనికి మించిన పని లేదు.

సాయంత్రం నాలుగు దాటాక పడమటి గుమ్మంలోంచి వాలు ఎండ రివర్స్ వచ్చే లారీ డ్రైవర్ అద్దంలో పడుతుంది. ఆ గంటన్నర దారి చూపే మనిషిని డ్రైవర్‌కి కుడివైపున, గోడ నీడలో నిలబెట్టండి.

తిరుగుతున్న పుల్లీ ఆగినట్టు, వెనక్కి తిరుగుతున్నట్టు కనబడుతోంది

కంటి లోపం అనుకోకండి. మన కరెంటు 50 హెర్ట్జ్. నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. నాలుగు పోల్స్ మోటారు నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 24. దాని పుల్లీకి నాలుగు ఆకులుంటే ఒక చోటు దాటే ఆకులు సెకనుకి 96. బల్బు కొట్టేది 100. ఒక వెలుగుకీ ఇంకో వెలుగుకీ మధ్య ప్రతి ఆకూ ముందు ఆకు ఉన్న చోటుకి కొంచెం వెనకే ఆగుతుంది. చూసేవాడికి ఆ పుల్లీ సెకనుకి ఒక చుట్టు చొప్పున తీరిగ్గా వెనక్కి తిరుగుతున్నట్టు ఉంటుంది. ఆగిపోతోంది కదా అని బెల్టు సర్దబోతే చెయ్యి పోతుంది. పగలు ఎండ వెలుగు కలిసి ఈ మాయ కనబడదు, చీకటి పడ్డాకే బయటపడుతుంది.

పరీక్ష తేలిక. ఆ లైటు కింద పెన్ను ఒకటి వేగంగా అటూ ఇటూ ఊపండి. మసగ్గా ఒకే చార కనబడితే ఫరవాలేదు. విడివిడిగా పది పెన్నులు విసనకర్రలా కనబడితే ఆ బల్బు యంత్రం దగ్గర ఉండకూడదు.

షెల్లర్, పాలిషర్, ఎలివేటర్ తల, పీచు మిషన్ దగ్గర విడిగా మంచి డ్రైవర్ ఉన్న, ఇలా వెలిగి తగ్గే ఫ్లికర్ లేని ఫిట్టింగులే వాడండి. త్రీ ఫేజ్ ఉంటే వరసలో పక్కపక్క లైట్లను మూడు ఫేజులకు పంచండి, ఒకటి తగ్గే సమయానికి పక్కది వెలుగుతుంటుంది. పక్కపక్క ఫిట్టింగుల మధ్య అప్పుడు 415 వోల్టులు ఉంటాయి కాబట్టి ఆ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ చేతే చేయించండి. మూడు ఫేజులూ ఒక్కసారే ఆగే స్విచ్ పెట్టించండి. పుల్లీకి, బెల్టుకి గార్డు మాత్రం ఏ లైటున్నా ఉండవలసిందే.

నెలనెలకీ వెలుతురు తగ్గిపోతోంది

తవుడు దుమ్ముకి కాస్త జిడ్డు ఉంటుంది, అందుకే లైటు గ్లాసుకి అంటుకుపోతుంది. పైకప్పులోని పారదర్శక రేకులకు వానాకాలం నాచు పడుతుంది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న కార్ఖానాల చట్టం, 1948, సెక్షన్ 17 వెలుగొచ్చే కిటికీల, పైకప్పుల అద్దాలను లోపలా బయటా శుభ్రంగా ఉంచమంది. కళ్ళు చెదిరే వెలుగు, ప్రమాదం తెచ్చే నీడ లేకుండా చూడమన్నదీ ఆ సెక్షనే.

సీజన్‌లో మిల్లు లైట్లు పదిహేను రోజులకోసారి తుడవాలి. స్విచ్ ఆపి, ఫ్యూజు తీసి జేబులో పెట్టుకుని, గ్లాసు చల్లారాక, సబ్బు నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో. ఎయిర్ గొట్టంతో ఊదకండి. తవుడు దుమ్ము గాల్లోకి లేచి మేఘంలా కమ్మితే చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది. తవుడు గదిలో పాత హాలోజెన్ లైటు ఇంకా ఉంటే ఈరోజే తీసేయండి. మూత లేని హోల్డర్లు కూడా తీసి, దుమ్ము, నీళ్ళు చొరబడని ఐపి 65 మూత ఫిట్టింగులు పెట్టండి.

రేకులు కడిగేటప్పుడు ఒక హెచ్చరిక. పారదర్శక రేకు మీద, పాత సిమెంటు రేకు మీద కాలు వేయకూడదు. చూడటానికి గట్టిగా ఉంటుంది, మనిషి బరువుకి పుటుక్కున విరుగుతుంది. కింది దూలాల మీద ఆనేలా నిచ్చెన పరిచి, బెల్టు కట్టుకుని, పొడుగాటి బ్రష్షుతో కడగాలి.

మోటారు వేయగానే లైట్లు ముడుచుకుపోతున్నాయి

లైటుకీ మోటారుకీ ఒకే సన్నటి తీగ. చెరువుల దగ్గర మామూలుగా కనబడేదే. 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు 7 ఆంప్స్ తీసుకుంటుందనుకుందాం. 150 మీటర్ల దూరం, 1.5 చదరపు మి.మీ. రాగి తీగ అయితే పోయిరావటానికి 300 మీటర్లు, దాని నిరోధం దాదాపు 3.6 ఓమ్స్. మోటారు నడుస్తున్నప్పుడే 25 వోల్టులు దారిలో పోతాయి. స్టార్టయ్యేటప్పుడు దానికి ఎన్నో రెట్లు పోతాయి. 4 చదరపు మి.మీ. తీగ వేస్తే నష్టం 10 వోల్టులకు దిగుతుంది. లైట్లకు ఎటూ విడిగా ఒక లైను, విడిగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే తానే పడిపోయే స్విచ్) ఉండాలి. మోటారు ట్రిప్ అయితే లైట్లు కూడా పోయి, చీకట్లో తడుముకుంటూ వెళ్ళవలసి రాకూడదు.

కొన్ని లైట్లు విపరీతంగా వెలుగుతూ కొన్ని గుడ్డిగా ఉంటే అది వేరే జబ్బు. త్రీ ఫేజ్ లైనులో న్యూట్రల్ వదులైంది లేదా తెగింది. ఒక ఫేజు మీద 300 వోల్టులు కూడా దాటొచ్చు. మెయిన్ వెంటనే ఆపేయండి. సాధారణంగా అల్యూమినియం సర్వీసు తీగని రాగి తీగతో చేత్తో మెలిపెట్టి కట్టిన జాయింటు దగ్గరే ఇది పుడుతుంది. సముద్రపు గాలి తగిలే చోట ఇంకా త్వరగా చెడుతుంది. రెండు లోహాలకూ సరిపడే బైమెటల్ లగ్గుతో నొక్కించి బిగించాలి.

తెల్లారగట్ల ట్రిప్ అవుతుంది, ఎండ రాగానే బాగానే ఉంటుంది

రోజూ నాలుగుకీ ఏడుకీ మధ్య, కరెంటు కారితే తానే ఆపేసే ఆర్‌సీసీబీ పడిపోతుంటే అది పాడైందని పీకేసి నేరుగా కలిపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. నీటి అంచున ఆ 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీయే ప్రాణం కాపాడేది. అది పడుతోందంటే ఎక్కడో కరెంటు నేలలోకి కారుతోందని అర్థం.

రాత్రి వెలిగిన ఫిట్టింగు లోపల గాలి వేడెక్కి కొంత బయటికి పోతుంది. ఆర్పగానే చల్లబడి బయటి మంచుగాలిని లోపలికి పీల్చుకుంటుంది. ఎక్కడినుంచి? తీగ లోపలికి వెళ్ళే చోట బిగించే గ్లాండులోంచి. గుండ్రటి గ్లాండులో చదును తీగ దూర్చి ఉంటే రెండు పక్కలా సందు మిగిలిపోతుంది, ఎంత బిగించినా మూసుకోదు. లోపల చేరిన తేమ గ్లాసు మీద చెమటలా పడుతుంది, టెర్మినళ్ళ మీదికి కారుతుంది. రెండో దోషి సరుగుడు కర్రకి కట్టిన టేపు జాయింటు, మంచుకి తడిసి ఉబ్బి ఉంటుంది.

వెతికే పద్ధతి ఇది. లైట్లకు వెళ్ళే కొమ్మ లైన్లన్నీ విప్పి ఒక్కొక్కటే కలుపుతూ రండి, ఏది కలిపినప్పుడు పడిపోతే తప్పు అందులోనే. మధ్యాహ్నం వెతికితే దొరకదు, తేమ ఆరిపోయి ఉంటుంది. తీగ తొడుగులోంచి కరెంటు కారుతోందా అని కొలిచే మెగ్గర్‌తో చూడాలంటే పొద్దున్నే చూడండి. 500 వోల్టుల దగ్గర 1 మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే ఆ తీగ మార్చాలి. ముందుగా ఎల్‌ఈడీ డ్రైవర్లు విప్పేయండి, లేకపోతే మెగ్గర్ దెబ్బకే పోతాయి.

బాగుచేసేటప్పుడు గుండ్రటి కేబులు, దాని లావుకి సరిపడే గ్లాండు వాడండి. కేబులు ఫిట్టింగులోకి కిందినుంచే వెళ్ళాలి, దానికి ముందు జానెడు కిందికి వేలాడే మడత ఉంచితే మంచు నీరు అక్కడే బొట్టుగా రాలిపోతుంది. జాయింట్లన్నీ గట్టు మీద మీటరున్నర ఎత్తులో మూత పెట్టెలో ఉండాలి. ఇనప స్తంభమైతే ఎర్త్ తప్పనిసరి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడండి.

మంచులో లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడ

ఎత్తు స్తంభం మీది ఫ్లడ్ లైటు మంచు బిందువుల మీద పడి కళ్ళలోకే తిరిగొస్తుంది. వాటేజి పెంచితే గోడ ఇంకా తెల్లబడుతుంది. పసుపు లైటు మంచుని చీల్చుకుపోతుందన్నది చాలామంది నమ్మకం. నిజానికి మంచు బిందువులు అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. తేల్చేది ఎత్తూ కోణమూ. నడుము ఎత్తులో, టోపీ ఉన్న 5 నుంచి 10 వాట్ల లైట్లను గట్టు ఒక పక్కన ఐదారు మీటర్లకొకటి చొప్పున నేల వైపు తిప్పి పెట్టండి. గట్టు అంచున గుంజలకు, ఏరియేటర్ స్టార్టర్ పెట్టెకి, తూము దగ్గర మలుపుకి రిఫ్లెక్టర్ టేపు చుట్టండి. టార్చి నుదుటి దగ్గర కాకుండా నడుము దగ్గర పట్టుకుంటే చూపు బాగా ఆనుతుంది. చెరువు నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు తెల్లారేముందు బాగా తగ్గిపోతుంది కాబట్టి, గట్టు మీద మనిషి తిరగక తప్పని వేళ కూడా అదే.

సోలార్ లైటు అర్ధరాత్రికే ఆరిపోతోంది

మంచు వల్ల పొద్దున రెండు గంటల ఎండ పోతుంది, రాత్రేమో పొడవు. పలకని దక్షిణానికి తిప్పి, శీతాకాలానికి 30 డిగ్రీల వాలులో పెట్టండి. మంచుకి తడిసి దుమ్ము బురదలా అంటుతుంది, వారానికోసారి తుడవండి. అయినా చాలకపోతే బ్యాటరీ అయిపోయినట్టే.

లైటు నిండా పురుగులు

కోతల రోజుల్లో పచ్చదోమ, సుడిదోమ తెల్ల లైటు చుట్టూ ముసురుతాయి. 3000 కెల్విన్ లోపు వెచ్చటి రంగు (పసుపు ఛాయ) లైటుకి తక్కువ వస్తాయి. కాటా దగ్గర వెచ్చటి లైటు పెట్టి, కాస్త దూరాన తెల్ల లైటు ఒకటి వదిలేస్తే చాలా వరకు అటు పోతాయి.

కరెంటు పోగానే కటిక చీకటి

జనరేటర్ అందుకునేలోపు ఆ కొద్ది క్షణాలు యంత్రాలు ఊపు మీద తిరుగుతూనే ఉంటాయి, మెడ మీద బస్తాతో మనిషి చెక్క మధ్యలో ఉంటాడు. బల్ల చెక్క దగ్గర, మెట్ల దగ్గర, ఎలివేటర్ గుంట దగ్గర, బయటికెళ్ళే గుమ్మం మీద తనంతట తానే వెలిగే బ్యాటరీ లైటు ఒక్కొక్కటి ఉండాలి. నెలకోసారి దాని ఎంసీబీ ఆపి అరగంట వెలగనిచ్చి చూడండి. పది నిమిషాలకే గుడ్డిదైతే బ్యాటరీ మార్చి, మార్చిన తేదీ పెట్టె మీదే రాయండి.