వేట కాలానికి ముందు బాలిస్టిక్ కాలిక్యులేటర్ వాడేవారికి: పీడనం గడి జాగ్రత్త

అమెరికాలోని కొలరాడోలో రైఫిల్ వేట కాలం అక్టోబరులో మొదలవుతుంది కనుక, ఆ ముందు వారాల్లో రేంజిలు కొత్తవారితో నిండిపోతాయి. సముద్రమట్టానికి సుమారు 5,300 అడుగుల ఎత్తున, మేము తరచుగా వెళ్లే ఒక రేంజిలో, పోయిన శనివారం ఒక తెలుగు యువకుడు తన ఫోనులోని బాలిస్టిక్ కాలిక్యులేటర్ (తూటా ఎంత కిందికి జారుతుందో లెక్కకట్టే ప్రోగ్రాము) చెప్పినన్ని క్లిక్కులు స్కోపు మీద తిప్పి, 1,000 గజాల దూరంలోని ఇనుప పలకకు తొలి తూటా కాల్చారు. పలక మోగలేదు. పక్కన స్పాటింగ్ స్కోపులో చూస్తున్న నాకు వెనకనున్న మట్టికట్ట మీద దుమ్ము లేచిన జాడ కూడా కనిపించలేదు, అంటే తూటా కట్టను దాటిపోయింది. రేంజి అధికారి వెంటనే కాల్పులు ఆపించారు. కట్ట అవతల ఎవరూ లేకపోవడం కేవలం అదృష్టం. ఫోను తీసుకుని చూస్తే, గాలి పీడనం రాసే గడిలో 30.02 పాదరసం అంగుళాలు అని ఉంది.

అది వాతావరణ యాప్ నుంచి ఎత్తి రాసిన అంకె. వాతావరణ నివేదికలు ఏ ఊరి పీడనాన్నైనా సముద్రమట్టానికి సరిచేసి చెబుతాయి. విశాఖపట్నం తీరంలో ఆ అంకెకూ అసలు పీడనానికీ తేడా ఉండదు. సుమారు 540 మీటర్ల ఎత్తునున్న హైదరాబాద్‌లో మాత్రం నివేదిక 1,012 మిల్లీబార్లు అన్న రోజున నేల మీది అసలు పీడనం 950 దరిదాపుల్లోనే ఉంటుంది. మా రేంజిలో ఆ రోజు అసలు పీడనం 24.7 అంగుళాల చుట్టుపక్కల ఉండాలి. కాలిక్యులేటర్ అడిగేది ఈ అసలు పీడనాన్నే, దాన్నే స్టేషన్ ప్రెషర్ అంటారు. 30.02 అని రాసిన క్షణంలో ప్రోగ్రాము గాలి ఉన్నదానికంటే దాదాపు అయిదో వంతు చిక్కగా ఉందని నమ్మి, తూటా ఎక్కువగా కిందికి జారుతుందని లెక్కకట్టి, మనచేత స్కోపును అవసరానికి మించి పైకి తిప్పిస్తుంది.

ఈ తప్పు దగ్గరి దూరాల్లో బయటపడదు, అందుకే ప్రమాదకరం. సెకనుకు 2,600 అడుగుల వేగంతో వెళ్లే 175 గ్రెయిన్ల (గ్రెయిన్ తూటా బరువుకు కొలత) .308 అంగుళాల వ్యాసపు తూటాకు 300 గజాల దగ్గర తేడా అంగుళం కూడా ఉండదు కాబట్టి, అక్కడ సరిచూసుకున్నవారు ప్రోగ్రామును పూర్తిగా నమ్మేస్తారు. 600 గజాల దగ్గర తేడా అర అడుగుకు అటూ ఇటూగా ఉంటుంది. ఎల్క్ అనే పెద్ద జింక గుండెకు గురిపెట్టిన తూటా వెన్ను దగ్గర తగిలి, జంతువు గాయంతో అడవిలోకి పోవడానికి అంత చాలు. 1,000 గజాలకు అది మూడడుగులు దాటుతుంది.

ఇంకో దుర్మార్గమైన అలవాటు ఉంది. తూటాలు పైకి పోతున్నాయని గమనించినవారు పీడనం గడిని చూడకుండా, అంకెలు కుదిరేదాకా ప్రోగ్రాములో తూటా వేగాన్ని పెంచుకుంటూ పోతారు. ఆ రోజుకు లెక్క కుదురుతుంది, మరో ఎత్తుకు వెళ్లగానే మొత్తం తారుమారవుతుంది. వేగాన్ని ముట్టుకునే ముందు పీడనం గడి చూడండి.

కొందరు దీనికి తలకిందులుగా, స్టేషన్ ప్రెషర్ సరిగానే రాసి, దాని కింద ఊరి ఎత్తు కూడా నింపుతారు. కొన్ని ప్రోగ్రాములు అప్పుడు గాలిని రెండోసారి పలచన చేస్తాయి. చేతిలో పట్టుకునే వాతావరణ మీటరులో రిఫరెన్స్ ఎత్తును (పీడనాన్ని సరిచేయడానికి అది వాడే ఎత్తు) సున్నాకు పెట్టకపోతే అది కూడా యాప్ లాంటి అంకెనే చూపిస్తుంది.

తూటా నమూనాను తామే లెక్కించుకునే వారికి కూడా ఈ గడితోనే పని. రాబర్ట్ మెకాయ్ 1981లో రాసిన మెక్‌డ్రాగ్ ప్రోగ్రాము తూటా ఆకారం నుంచి గాలి నిరోధాన్ని అంచనా వేస్తుంది, అది అంచనా మాత్రమే. తిరుగుతూ పోయే తూటా ఎంత నిలకడగా ఎగురుతుందో చెప్పే మిల్లర్ సూత్రంతో వచ్చే స్థిరత్వ సంఖ్య గాలి సాంద్రతను బట్టి మారుతుంది కనుక, ఎత్తునున్న డెన్వర్‌లో నిలకడగా ఎగిరిన పొడవాటి తూటా చలికాలంలో సముద్రతీరాన తడబడవచ్చు. ఆ సంఖ్య 1.5కు తగ్గితే బారెల్ ట్విస్ట్ (తూటాను తిప్పే లోపలి మెలికలు) ఆ తూటాకు అంతంతమాత్రమేనని, 1కి తగ్గితే అసలు చాలదని అర్థం చేసుకుని తూటా మార్చండి.

బాలిస్టిక్ కోఎఫిషెంట్ (తూటా గాలి నిరోధాన్ని ఎంత బాగా తట్టుకుంటుందో చెప్పే అంకె) జీ1దో జీ7దో, అంటే ఏ ప్రమాణ తూటాతో పోల్చిందో చూడకుండా రాయకండి. ఒకే 175 గ్రెయిన్ల తూటాకు జీ1 విలువ 0.5 దగ్గర, జీ7 విలువ దానిలో సగం దగ్గర ఉంటాయి. జీ7 విలువను జీ1 గడిలో పెడితే తూటా మళ్లీ కట్ట మీదుగానే పోతుంది. పెట్టె మీద అచ్చువేసిన వేగాన్ని నమ్మకండి, మీ రైఫిల్‌తో క్రోనోగ్రాఫ్ (తూటా వేగాన్ని కొలిచే పరికరం) మీద కొలవండి. స్కోపు మిల్లులలో (మిల్లిరేడియన్లు, కోణానికి కొలత) ఉంటే ప్రోగ్రాము కూడా మిల్లులలోనే ఉండాలి. బారెల్ మధ్యగీత నుంచి స్కోపు మధ్యగీత దాకా ఎత్తును టేపుతో కొలవండి. డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి సాంద్రతను ఎత్తు రూపంలో చెప్పే ఒకే అంకె) వాడేవారు పీడనం, ఉష్ణోగ్రత మళ్లీ నింపకూడదు. తూటాల్లో నింపే తుపాకిమందు పరిమాణాన్ని ఏ ప్రోగ్రాము చెప్పినా తీసుకోవద్దు. తయారీదారు అచ్చువేసిన పట్టికలోని కనిష్ఠం నుంచే మొదలుపెట్టండి. నిన్నటి ప్రొఫైల్‌తో ఈరోజు కాల్చకండి. పీడనం గడి చూడండి. కొండెక్కాక మళ్లీ చూడండి. పలకను కట్ట పై అంచుకు దగ్గరగా నిలిపి ఉంటే తొలి తూటాను పలకకు కాక కట్ట అడుగుకు గురిపెట్టండి, దుమ్ము ఎక్కడ లేచిందో పక్కవారు చెప్పాకే పైకి రండి.