మాండలిన్ ట్రెమొలో: ముందు లెక్క పెట్టండి

పర్లాకిమిడిలో మా భజనలకు మాండలిన్ వాయిస్తుంటాను. ట్రెమొలో అంటే పిక్‌తో (తీగ మీటే చిన్న బిళ్లతో) ఒకే స్వరాన్ని కిందికీ పైకీ వేగంగా మీటుతూ సాగదీయడం. ఆ మాట అనగానే కొత్తవాళ్లు చెయ్యి బిగించి వీలైనంత వేగంగా గీకేస్తారు, పాట తాళం తప్పేది అక్కడే. మెట్రోనోమ్ (టిక్కుటిక్కుమంటూ తాళం చూపే పరికరం) 60లో, అంటే నిమిషానికి 60 బీట్లకు పెట్టి ఒక్కో బీటుకు సరిగ్గా 8 స్ట్రోకులు వేయండి, బీటు మీద పడే స్ట్రోకు ఎప్పుడూ కిందికే. పాట 80లో ఉంటే 6 చాలు, రెండింట్లోనూ నిమిషానికి 480 స్ట్రోకులే కాబట్టి చేతి వేగం మారదు. మణికట్టు వదులుగా ఉండాలి. జంట తీగలకు పిక్ కొస మాత్రమే తగలనివ్వండి, లోతుగా దిగితే పైకి వచ్చేటప్పుడు ఇరుక్కుంటుంది. ఇక స్వరం పొడుగ్గా సాగే చోట మెల్లగా మొదలుపెట్టి, మధ్యలో పెంచి, మళ్లీ తగ్గించండి, వేగం మాత్రం కదలకూడదు. నాకు ఇదంటే ప్రాణం, అచ్చం గొంతెత్తి పాడినట్టే ఉంటుంది. తబలా పక్కనే కూర్చుని సాధన చేస్తే ఇంకా త్వరగా పట్టుబడుతుంది.