తాతగారి వాల్వు రేడియోకి కరెంటు ఇచ్చే ముందు

ఇంట్లో పెద్దవాళ్ల వాల్వు రేడియో (ట్రాన్సిస్టర్లు రాకముందు, గాజు గొట్టాల్లాంటి వాల్వులతో నడిచినది) చేతికి రాగానే ఎవరికైనా ముందు పుట్టే కోరిక ఒకటే: ప్లగ్గు పెట్టి చూద్దాం, పాడుతుందేమో అని. దయచేసి పెట్టకండి. నా దగ్గరికి వచ్చే సెట్లలో చాలావాటికి ఆ ఒక్క నిమిషంలోనే నష్టం జరిగి ఉంటుంది. ఏళ్ల తరబడి మూలనపడి ఉన్నప్పుడు పాడయ్యేది చిన్న కెపాసిటరే (కరెంటుని కాసేపు దాచుకునే భాగం), కానీ అది పోతూ పోతూ ట్రాన్స్‌ఫార్మర్‌ని కాల్చేస్తుంది. కెపాసిటర్ ఎప్పుడైనా దొరుకుతుంది. సరిగ్గా ఆ సెట్‌కి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ దొరకడం చాలా కష్టం.

వెనక అట్ట తీసి వాల్వుల మీద నంబర్లు చదవండి, గుడ్డతో మాత్రం తుడవకండి, ఆ అక్షరాలు ఇట్టే చెరిగిపోతాయి. ఈసీహెచ్81, ఈఎల్84 లాగా 'ఈ'తో మొదలైతే 6.3 వోల్టుల ఫిలమెంట్లు, మామూలుగా ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్. యూసీహెచ్42, యూఎల్41 లాగా 'యూ'తో మొదలైతే ఏసీ/డీసీ సెట్, అంటే రెండు రకాల కరెంటు మీదా నడిచేలా చేసినది. ఇందులో ఫిలమెంట్లన్నీ సిరీస్‌లో ఉంటాయి, ఛాసిస్ రేకు (భాగాలన్నీ బిగించిన లోహపు పళ్లెం) మెయిన్స్ తీగకే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే ఆ రేకంతా ఫేజే. నాబ్ ఊడినచోట స్క్రూ తగిలినా చాలు, షాక్ కొడుతుంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్‌కీ మెయిన్స్ తీగలకీ నేరుగా సంబంధం లేకుండా చేసేది) లేకుండా ఈ రకాన్ని నేను ముట్టుకోను. కొత్తవాళ్లు తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి.

ట్రాన్స్‌ఫార్మర్ కనిపించినా నమ్మకం పెట్టుకోవద్దు, మెయిన్స్ నుంచి సెట్‌ని వేరుచేయని ఆటో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న సెట్లూ ఉన్నాయి. ప్లగ్గు బయటే ఉంచి, రేడియో స్విచ్ ఆన్ చేసి, ప్లగ్గు పిన్నులకీ ఛాసిస్‌కీ మధ్య మల్టీమీటరు పెట్టి ఓమ్‌లు చూడండి. ఏ పిన్ను దగ్గరైనా తక్కువ ఓమ్‌లు చూపిస్తే అదీ ప్రమాదకరమైన సెట్టే.

ఇక పని మొదలుపెట్టొచ్చు. అడుగుభాగానికి అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. దుమ్ముని పొడి బ్రష్‌తో దులపండి. ఐఎఫ్ డబ్బాల్లో (స్టేషన్ సరిగ్గా పట్టేలా ట్యూన్ చేసి పెట్టిన చిన్న లోహపు డబ్బాలు) స్క్రూలు ఊరిస్తాయి, తిప్పకండి. రబ్బరు తొడుగు పెళుసుబారిన మెయిన్స్ వైరు మార్చేయండి. వేడి భాగాల దగ్గర తెల్లని పీచు అట్ట ఉంటే అది ఆస్‌బెస్టాస్ కావచ్చు, గీకకండి, ఊదకండి.

మైనం పూసిన కాగితపు కెపాసిటర్లన్నీ మార్చాల్సిందే. ఒకటి తీసి ఒకటి పెట్టండి, అన్నీ ఒకేసారి కత్తిరిస్తే ఏది ఎక్కడిదో తెలీదు. అన్నిటికంటే ముఖ్యమైనది, స్పీకర్‌ని నడిపే అవుట్‌పుట్ వాల్వుకి ముందుండే ఆడియో వాల్వు ప్లేటు (హై వోల్టేజీ ఉండే కొస) నుంచి, ఆ అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి (కరెంటుని అదుపు చేసే కొస) వెళ్లేది. అది లీకైతే గ్రిడ్ మీదికి పాజిటివ్ వోల్టేజీ వచ్చి, వాల్వు మితిమీరి కరెంటు లాగుతుంది. అదే విలువలో 630 వోల్టుల పాలిస్టర్ కెపాసిటర్ వేయండి. హెచ్‌టీ లైనులో (వాల్వులకి హై వోల్టేజీ అందించే లైను) ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి 450 వోల్టులవి సరిపోతాయి, కానీ 'ఎక్కువ మైక్రోఫారడ్‌లైతే హమ్ (గుయ్యిమనే మోత) తగ్గుతుంది' అని పెద్దవి వేయకండి. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు తట్టుకోదు. ఉదాహరణకి, ఈజెడ్80 అనే రెక్టిఫయర్‌కి 50 మైక్రోఫారడ్‌లే హద్దు. మెయిన్స్ రెండు తీగల మధ్య ఉన్న కెపాసిటర్ స్థానంలో ఎక్స్2 రకం, మెయిన్స్ నుంచి ఛాసిస్‌కి వెళ్లేదాని స్థానంలో వై2 రకం (రెండూ మెయిన్స్ కోసమే చేసిన భద్రతా రకాలు) మాత్రమే వాడండి.

కరెంటు ఇచ్చేది నేరుగా కాదు, సిరీస్ బోర్డు ద్వారా, అంటే రేడియోకి వెళ్లే తీగలో ఒక బల్బు వరసగా కలిపి. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. వెనక వోల్టేజీ సెలెక్టర్ మీ సప్లైకి సరిపోయిందో లేదో చూడండి, స్పీకర్ తగిలించే ఉంచండి. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి భగ్గుమని, మెల్లగా తగ్గి, వాల్వులు వేడెక్కేకొద్దీ మళ్లీ కాస్త పెరిగి ఒకచోట నిలబడితే బాగున్నట్టు. తగ్గకుండా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్, వెంటనే ఆపండి.

అది దాటాక నేరుగా మెయిన్స్‌కి పెట్టి, ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, అవుట్‌పుట్ గ్రిడ్ దగ్గర వోల్టేజీ చూడండి. ఈఎల్84కైతే 2వ పిన్ను. ఛాసిస్‌తో పోలిస్తే అక్కడ పాజిటివ్ పెరుగుతూ పోతోందంటే లీకు ఇంకా ఉంది, లేదా వాల్వే చెడింది. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి.

ఆపిన తర్వాత కూడా కెపాసిటర్లలో కొన్ని వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకండి. ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ కెపాసిటర్ రెండు కొసలకీ కాసేపు తగిలించి, మీటరులో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి.

మొదటి అరగంట పక్కనే కూర్చోండి. తర్వాత ప్లగ్గు తీసి, డిశ్చార్జ్ చేసి, ట్రాన్స్‌ఫార్మర్ మీద చెయ్యి ఆనించండి. వెచ్చగా ఉంటే మామూలే. చెయ్యి ఉంచలేనంత కాలుతుంటే మళ్లీ ప్లగ్గు పెట్టకండి, హెచ్‌టీ లైను మళ్లీ మొదటి నుంచి చూడండి.