గిటార్ ఆంప్ మన చేతుల్లో – 5వ పాఠం: బాక్సు ఓములు కుదర్చడం

మీ ఆంప్ (యాంప్లిఫైయర్) ట్రాన్సిస్టర్‌దా, వాల్వులదా (గాజు గొట్టాలది) అన్నది పోయిన పాఠంలో తేల్చుకున్నారు. తేల్చుకోకపోతే ఇక్కడే ఆగి, అది చూసుకుని రండి. ఒకదాని కొంప ముంచేది రెండోదానికి లెక్కలోకే రాదు మరి.

ఒంగోలు, కావలి వైపు మైక్ సెట్ వాళ్లనడిగితే ‘బాక్సులు ఎక్కువ తగిలిస్తే మిషను కాలిపోద్ది’ అంటారు. ట్రాన్సిస్టర్ ఆంప్ వరకు అది నిజమే. బాక్సు అంటే స్పీకర్ పెట్టె, ఓములంటే అది కరెంటుకి ఇచ్చే అడ్డుకి కొలత. 8 ఓముల బాక్సులో 100 వాట్లు పలకాలంటే 28 వోల్టుల దగ్గర మూడున్నర ఆంపియర్లు కావాలి. పక్కన ఇంకో 8 ఓముల బాక్సు పారలల్‌గా (రెండూ నేరుగా ఆంప్‌కే తగిలేలా) పెట్టారంటే మొత్తం 4 ఓములు, కరెంటు 7 ఆంపియర్లు. వెనక ‘కనీసం 8 ఓములు’ అని రాసున్న ఆంప్ ఇది మోయలేదు. అదే 16 ఓముల బాక్సు పెడితే సౌండు కాస్త తగ్గుతుంది, అంతే.

వాల్వు ఆంప్ భయం వేరు. దానికి బాక్సు లేకపోవడమే గండం. వాల్వులకీ బాక్సుకీ మధ్య ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. లోడు, అంటే బాక్సు, లేకుండా వాయిస్తే దాని ప్రైమరీలో (వాల్వుల వైపు చుట్టలో) వోల్టేజీ విపరీతంగా లేచి ఇన్సులేషన్ పోతుంది, లేదా వాల్వు సాకెట్లో నిప్పురవ్వ లేస్తుంది. కాబట్టి ముందు బాక్సు వైరు, ఆ తర్వాతే స్విచ్చి. కొత్తపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో ఇంకో తంటా: జాకుకి చిలుము పట్టి కాంటాక్టు వచ్చీపోతూ ఉంటుంది. చూడ్డానికి వైరు తగిలే ఉంటుంది, ఆంప్‌కి మాత్రం బాక్సు లేనట్టే. బరబరమంటే వెంటనే వాల్యూం తగ్గించి, ఆపేసి, తుడవండి. గిటార్ కార్డుని బాక్సు వైరుగా వాడకండి, సన్నటి తీగ వేడెక్కుతుంది.

వాల్వు ఆంప్ వెనకున్న 4, 8, 16 సెలెక్టర్‌ని బాక్సుల మొత్తం ఓములకి సరిగ్గా పెట్టాలి. సిరీస్ (ఒకదాని వెనక ఒకటి) అయితే కూడండి. ఒకే విలువవి రెండు పారలల్ అయితే సగం చేయండి. 16 ఓముల స్పీకర్లు నాలుగున్న బాక్సులో రెండేసి సిరీస్ చేస్తే 32, ఆ రెండు జతలూ పారలల్ అయితే మళ్లీ 16.

బాక్సు మీద చీటీ ఊడిపోయిందా? వైరు బాక్సుకి గుచ్చి, ఆంప్ వైపు కొసని వదిలేసి, ప్లగ్గు మొనకీ ఒంటికీ మల్టీమీటర్ పెట్టండి. 8 ఓములది 6, 7 మధ్య చూపిస్తుంది. మీటర్ కొలిచేది తీగచుట్ట డీసీ రెసిస్టెన్సే కనుక ఎప్పుడూ తక్కువే. కోన్‌ని (స్పీకర్ ముందున్న గరాటుని) వేలితో మెల్లగా నొక్కితే అంకె కదిలిందా, స్పీకర్ బతికే ఉంది.

ఇంటిపని: 8 ఓముల స్పీకర్లు రెండున్న బాక్సు మీటర్లో 13 చూపించింది. లోపల ఎలా కలిపారు? సెలెక్టర్ ఎక్కడ పెడతారు?