పిల్లలకు జపం పట్టుబడటం లేదా? రాయగడ, గుణుపురం వైపు తెలుగు ఇళ్లకు సమస్య - పరిష్కారం

ఒడిశాలోని రాయగడ మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే కతోలిక గుడుల ప్రాంతం) 2016లో బరంపురం మేత్రాసనం నుంచి విడిపోయి ఏర్పడింది. ఆ చుట్టుపక్కల తెలుగు కతోలిక ఇళ్లలో పిల్లలకు ఇంట్లో మాట తెలుగు. బడిలో, గుడిలో వినేది ఎక్కువగా ఒడియా. జపాలు, అంటే ప్రార్థనలు, నేర్పేటప్పుడు వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం ఇదే.

గుడిలో పెదవి కదపడు, ఇంట్లో సగంలో ఆగిపోతాడు

దీన్ని బద్ధకం అనుకోకండి. యేసు నేర్పిన పరలోక జపం ఒడియాలో కొంత, తెలుగులో కొంత విని ఉంటాడు. ఏదీ చివరిదాకా రాదు. ముందు ఒక భాషలో పూర్తి చేయించండి. అమ్మ, నాయనమ్మ ఏ భాషలో జపిస్తారో ఆ భాషలోనే. తడుముకోకుండా వచ్చాకే రెండోది.

ఒడియా మీడియంలో చదివే పిల్లలు చాలామందికి తెలుగు అక్షరాలు రావు. ఇంట్లో తెలుగు జపాల పుస్తకం ఉన్నా వాళ్లకు అక్కరకు రాదు. తెలుగు జపాన్నే ఒడియా లిపిలో, వరుసకు నాలుగు మాటలకు మించకుండా, నోటుబుక్కులో పెద్దగా రాసివ్వండి. రాసేటప్పుడు రెండుచోట్ల జాగ్రత్త. ఒడియాలో ఎ, ఏలకు వేరువేరు గుర్తులు లేవు, ఒ, ఓలకూ అంతే. దీర్ఘం పలకాల్సిన చోట పైన ఎర్రగీత పెట్టండి. ఇక అక్షరంలోని అకారాన్ని ఒడియాలో ఒకారంలా పలుకుతారు, ‘మన’ కాస్తా ‘మొనొ’ అవుతుంది. అందుకని వాణ్ణి ఒంటరిగా చదువుకోమనకండి. ముందు మీరు ఒక వరుస చెప్పండి, వాడు నోటుబుక్కు చూస్తూ తిరిగి చెప్పాలి.

సిలువ గుర్తు ఎడమచేత్తో వేస్తాడు

మీరు ఎదురుగా నిలబడి చూపిస్తున్నారు, వాడు అద్దంలో చూసినట్టు చేస్తున్నాడు. వెనక నిలబడి వాడి కుడిచెయ్యి పట్టుకోండి. నుదుట ‘పిత’, రొమ్ముమీద ‘పుత్ర’, ఎడమ భుజం నుంచి కుడి భుజానికి ‘పవిత్రాత్మ’. చెయ్యి ఆగిన చోటే మాటా ఆగాలి.

జపమాల మొదలుపెట్టగానే నిద్ర, లేదా అల్లరి

జపమాలలో 53 మంగళవార్త (మరియమ్మ జపం) పూసలు, 6 పరలోక జపం పూసలు ఉంటాయి. పెద్దలకే దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. అన్నం తిన్నాక, కళ్లు వాలిపోయే వేళకు ఐదేళ్ల పిల్లను అంతసేపు మోకాళ్లమీద ఉంచితే జపమంటేనే విసుగు పుడుతుంది. జపం అన్నానికి ముందుకు జరపండి.

నాలుగైదేళ్ల వాళ్లకు మూడు మంగళవార్త జపాలు చాలు. ఆరేడేళ్లు వచ్చాక ఒక్క పదిపూసల వరుస: ఒక పరలోక జపం, పది మంగళవార్తలు, పిత, పుత్ర, పవిత్రాత్మలను స్తుతించే ఒక త్రిత్వ స్తోత్రం. నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. పూసలు పిల్ల చేతిలోనే ఉండాలి, వేళ్లకు పని ఉంటే మనసు కుదురుతుంది. ‘దేవవరప్రసాదము చేత నిండిన మరియమ్మా’ అని మొదలయ్యే సగం పిల్ల చెబితే, ‘పరిశుద్ధ మరియమ్మా’ నుంచి ఇంటిల్లిపాదీ అందుకోండి. నడిపించే పని అప్పగిస్తే పిల్ల నిద్రపోదు.

జపమాల చెబుతూ ధ్యానించే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలను రహస్యాలంటారు. సోమ, శనివారాల సంతోష రహస్యాలతో ప్రారంభించండి. బాలయేసు పుట్టుక, పన్నెండేళ్ల యేసు దేవాలయంలో కనబడటం పిల్లలకు తేలిగ్గా అందుతాయి. రెండో వరుస వాళ్లంతట వాళ్లు అడిగినప్పుడే కలపండి.

గడగడా అప్పజెబుతాడు, అర్థం తెలియదు

కంఠస్థం మాత్రం మాన్పించకండి. 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశ గ్రంథం ముఖ్య జపాలను కంఠతా నేర్పడం అవసరమంటూనే, వాటి అర్థాన్ని రుచి చూపించమనీ చెబుతుంది (2688వ పేరా). వారానికి ఒక్క వాక్యం తీసుకోండి. పరలోక జపంలోని ‘నానాటికి కావలసిన మా అన్నము’ అనే వాక్యాన్ని కంచం ముందు చెప్పించి, ఈ పూట అన్నం లేనివాళ్లు ఎవరైనా గుర్తున్నారా అని అడగండి. ‘మా అప్పులను మీరు మన్నించండి’ అన్నది అక్కాతమ్ముళ్లు కొట్టుకున్న రోజు రాత్రికి సరిపోతుంది. ఉపన్యాసం వద్దు, ఒక ప్రశ్న చాలు.

సొంతమాటల్లో చెప్పమంటే సైకిల్, బొమ్మలే అడుగుతాడు

అడగనివ్వండి, తప్పులేదు. దానికి ముందు ఇంకో రెండు మాటలు చేర్చండి: ఈ రోజు దొరికిన ఒక మంచికి కృతజ్ఞత, చేసిన ఒక తప్పుకు క్షమాపణ. తర్వాత ఇంకొకరి కోసం ఒక మనవి. తన కోరిక చివర్లో.

జపం అనగానే మొహం చిట్లిస్తాడు

‘జపం చెప్పకపోతే అన్నం పెట్టను’ అన్న మాట ఇంట్లో వినబడుతోందేమో చూసుకోండి. జపాన్ని శిక్షగా వాడితే పిల్లవాడు దేవుణ్ణీ శిక్షతోనే జతచేస్తాడు. కొన్నాళ్లు వాణ్ణి చెప్పమనకండి. మీరు రోజూ అదే వేళకు, అదే చోట, గట్టిగా చెప్పుకోండి. పక్కన వచ్చి కూర్చుంటే జపమాల చేతికివ్వండి. జ్వరం వచ్చినా, ఊరి ప్రయాణంలో అలిసినా సిలువ గుర్తు ఒక్కటీ వేయించి పడుకోబెట్టండి.