చార్మినార్ దగ్గర పొద్దుటి తిండి: ఏది ముందు, ఏది తర్వాత?

ఆదివారం పదకొండింటికి ఇల్లు కదిలి, మదీనా చౌరస్తా ట్రాఫిక్‌లో గంట ఇరుక్కుని, చివరికి ఎక్కడో ఓ బిర్యానీ తినేసి "పాతబస్తీలో అంత గొప్పేముంది?" అనేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పాతబస్తీకి పొద్దున్నే వెళ్లాలి. ఊరి నుంచి చుట్టాలెవరొచ్చినా నేను వాళ్లను తిప్పేది ఈ వరుసలోనే.

ముందుగా: పరగడుపున బయల్దేరండి. ఇంట్లో కాఫీ కూడా వద్దు. ముగ్గురికి మించి వెళ్లొద్దు. జేబులో చిల్లర ఉంచుకోండి. ఆరున్నరకల్లా మదీనా బిల్డింగ్ దగ్గర దిగితే మిగతాదంతా నడకే.

మొదట నహారీ

తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. అరబ్బీలో 'నహార్' అంటే పగలు. రాత్రంతా సన్నటి సెగ మీద ఉడికి, తెల్లారేసరికి తినడానికి సిద్ధమయ్యే మాంసపు వంటకం ఇది. ఛత్తా బజార్‌లో, అంటే పెళ్లికార్డులు అచ్చువేసే వీధిలో, నయాబ్ హోటల్‌కు వెళ్లండి. అక్కడ జనం ఎక్కువుంటే షాదాబ్ ఉంది. ఎనిమిది దాటాక వెళితే మంచి ముక్కలు దొరుకుతాయన్న ఆశ పెట్టుకోవద్దు.

ఢిల్లీ నిహారీ తిని వచ్చినవాళ్లు "ఇదేంటి, ఇంత పల్చగా ఉంది?" అంటారు. అక్కడ పిండి కలిపి చిక్కబరుస్తారు. మనది పల్చగానే ఉండాలి. దీని రుచంతా పొట్లీ మసాలాది: రాతిపువ్వు, వట్టివేరు, ఎండు గులాబీ రేకులు, గంధం లాంటివి గుడ్డలో మూటకట్టి షేర్వాలో, అంటే నహారీ చారులో, వేస్తారు. ఆ వాసన పైకి తేలాలంటే చారు పల్చగానే ఉండాలి. నన్నడిగితే ఢిల్లీదానికన్నా మనదే మేలు.

పాయా, జబాన్ రెండూ కలిపి ఒక ప్లేటు చెప్పండి. పాయా అంటే కాళ్లు, జబాన్ అంటే నాలుక. నాలుక అనగానే మొహం తిప్పుకోకండి, ప్లేటులో అన్నిటికన్నా మెత్తటి ముక్క అదే. దాంతో తినే రొట్టెలు, కుల్చాలు మాత్రం ఒకేసారి నాలుగు తెప్పించుకోవద్దు. ఒకటి అయ్యాక ఇంకొకటి. చల్లారిన కుల్చా అట్టముక్కే.

ఇక అసలు జాగ్రత్త. గిన్నె బల్ల మీదికి వచ్చిందంటే ఇంకో పని పెట్టుకోవద్దు. ఒకసారి మా బావ ఫోటోలు తీస్తూ కూర్చున్నాడు. పైన బంగారు చుక్కల్లా తేలుతున్న కొవ్వు ఒకదానికొకటి కలిసి, గిన్నె అంచున తెల్లటి పొరలా పేరుకుంది. ఆ తర్వాత తిన్నదంతా అంగిలికి అంటుకుంది. ఆయన ఇప్పటికీ నహారీ బాగోదనే అంటాడు.

ముందు రెండు చెంచాల షేర్వా ఉత్తదే తాగి చూడండి. నిమ్మకాయ పిండేది ఆ తర్వాతే, అదీ రెండు చుక్కలు. కుల్చా మొత్తం తుంచి గిన్నెలో పడేయకండి, ఉబ్బి షేర్వా అంతా పీల్చేస్తుంది. వేలెడు ముక్క తుంచి, ముంచి, వెంటనే నోట్లో పెట్టుకోండి. నాలుగు ముద్దలు తిన్నాక పెదాలు ఒకదానికొకటి అంటుకోవాలి. అది పాయా జిగురు. అంటుకోలేదంటే ఆ రోజు నహారీ సరిగా ఉడకలేదన్నమాట.

కడుపు సగం నిండగానే లేవండి. ఇంకొక ప్లేటు అడగొద్దు.

తర్వాత దోశ

చార్ కమాన్ మీదుగా గుల్జార్ హౌజ్ వైపు నడిస్తే గోవింద్ బండి వస్తుంది. మాంసం తిననివాళ్లు నేరుగా ఇక్కడికే రావచ్చు. పెనం మీదే దోశకు ఉప్మా, ఉల్లి, టమాటా, కారప్పొడి, వెన్న వేసి మెదిపేస్తారు. ముగ్గురికి ఒకటే చెప్పండి. చట్నీ ఎక్కువ పోసుకోవద్దు, కరకర పోతుంది.

చివరికి చాయ్

చాయ్ ముందు తాగేవాళ్లున్నారు. అది తప్పు. ఆ తీపి నాలుక మీద ఉండగా నహారీ రుచి తెలియదు. నిమ్రా కేఫ్ చార్మినార్ పక్కనే. డికాషన్ వేరుగా, పాలు వేరుగా కాచి కప్పులో కలిపే ఇరానీ చాయ్ ఇది. దాంతో ఉస్మానియా బిస్కెట్లు తీసుకోండి. బిస్కెట్‌ను సగం వరకే ముంచి, ఒకటి రెండు లెక్కపెట్టి తీసేయండి. మూడు అనేసరికి అది కప్పు అడుగున ఉంటుంది.

కప్పు పట్టుకుని బయటికి వచ్చి నిలబడండి. 1591లో కట్టిన మీనార్ల మీద ఎండ ఇంకా పసుపుగానే ఉంటుంది, గాజుల దుకాణాల షట్టర్లు అప్పటికింకా లేవవు. ఇంటికి పావుకిలో బిస్కెట్లు కట్టించుకుని, తొమ్మిదిలోపు తిరుగు దారి పట్టండి.