యూదుల ఇంటికి పరామర్శకు వెళ్లేముందు

ఖననం అయ్యాక దగ్గరివాళ్లు ఏడు రోజులు ఇంట్లోనే సంతాపం పాటిస్తారు, దాన్నే ‘షివా’ కూర్చోవడం అంటారు. అమెరికాలో కొలీగ్ ఇంటికి వెళ్తుంటే ఇవి చూసుకోండి.

– ముందు మీరు మాట్లాడొద్దు. వాళ్లు నోరు విప్పేదాకా పక్కన కూర్చోవడమే అక్కడి మర్యాద. మనవాళ్లు గుమ్మంలోనే “ఎలా పోయారండీ?” అనేస్తారు, అది అసలొద్దు.

– శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా వెళ్లకండి. అది వాళ్ల వారపు విశ్రాంతి దినం, సబ్బాతు. ఆ రోజు బహిరంగంగా సంతాపం పాటించరు.

– కోషర్ (యూదుల ఆహార నియమాలు) పాటించే ఇల్లేమో కనుక్కోండి. పాటిస్తే మీ పులిహోర శాకాహారమైనా పనికిరాదు, వండిన గిన్నె కూడా లెక్కలోకి వస్తుంది.

– పూలు వద్దు, ఆనవాయితీ కాదు.

– తలుపుకి తాళం ఉండకపోవచ్చు, బెల్ కొట్టకుండా మెల్లగా తోసి చూడండి. అద్దాలకు గుడ్డ కప్పి ఉన్నా, వాళ్లు పొట్టి స్టూలు మీంచి లేవకపోయినా కంగారుపడకండి, అది పద్ధతే.